హద్దు దాటిన కాలువను ఎవరు శుభ్రం చేయాలి?

[తెరపై: తిరుపతి పటం. కొండల నుంచి నది వరకు ఒక నీలి గీత]

తిరుపతి నగరం వాలు మీద ఉంది. ఉత్తరాన శేషాచలం కొండలు, దక్షిణాన స్వర్ణముఖి నది. కపిలతీర్థం దగ్గర దూకే నీరైనా, కొండ వాలున పడిన వానైనా ఊరి గుండానే నదికి చేరాలి. దారిలో రైలు కట్ట అడ్డం. దాన్ని దాటడానికి నీటికి ఉన్న దారులు కొన్నే. పెద్ద వాన పడితే అండర్‌బ్రిడ్జిలు చెరువులు కావడం ఇక్కడి వారికి తెలిసిన సంగతే.

ఒక చిన్న లెక్క చూడండి. ఎకరం నేల మీద 5 సెంటీమీటర్ల వాన పడితే సుమారు 2 లక్షల లీటర్ల నీరు. మట్టి నేల అందులో కొంత పీల్చుకుంటుంది. సిమెంటు రోడ్డూ మేడ కప్పూ పీల్చుకోవు, మొత్తం కాలువకే పంపుతాయి. ఆ కాలువలో సగం లోతు పూడిక ఉంటే ఏమవుతుందో 2021 నవంబరు వరదల్లో ఊరు ఊరంతా చూసింది.

[తెరపై: నీలి గీత నగర హద్దు దాటుతుంది. అక్కడ రంగు మారుతుంది]

అసలు చిక్కు ఇక్కడ ఉంది. నగరపాలక సంస్థ హద్దు దాటగానే అదే కాలువ గ్రామ పంచాయతీది అవుతుంది. ఇంకా దిగువన, స్వర్ణముఖి ఒడ్డునే, శ్రీకాళహస్తి పురపాలక సంఘం. నగరం తన భాగంలో పూడిక తీసి ఊరుకుంటే, నీరు ఇంకా వేగంగా వెళ్లి పూడిక తీయని పల్లె కల్వర్టు దగ్గర ఎగదన్నుతుంది. అందుకే పూడికతీత ఎప్పుడూ దిగువ నుంచి మొదలుపెట్టి ఎగువకు రావాలి. కానీ దిగువనున్న పంచాయతీకి జెట్టింగ్ యంత్రం, అంటే గట్టి ఒత్తిడితో నీరు చిమ్మి పూడికను కదిలించే యంత్రం, కొనే స్తోమత ఉండదు. కొన్నా, ఏడాదిలో ఎక్కువ కాలం అది షెడ్డులోనే పడి ఉంటుంది.

మరి ఇరుగుపొరుగు ఊళ్లు కలిసి ఒకే యంత్రాన్ని, ఒకే సిబ్బందిని వాడుకుంటే?

అమెరికాలోని వాషింగ్టన్ రాష్ట్రం ఇలాంటి ఏర్పాటుకు 1967లోనే చట్టం చేసింది. పక్క పక్క నగరాలు రాతపూర్వకంగా ఒప్పందం చేసుకుని ఒకరి పనిని మరొకరు చేసిపెట్టవచ్చు. చిన్న ఊరు డబ్బు చెల్లిస్తుంది, పెద్ద ఊరు వాహనాన్నీ మనుషులనూ పంపుతుంది.

మనకూ ఈ పద్ధతి కొత్తేమీ కాదు. వరికోత యంత్రం ఊరూరా తిరుగుతూ గంటల లెక్కన కోసిపెట్టడం లేదా? అయితే ఒక తేడా ఉంది, దాన్ని చాలామంది పట్టించుకోరు. వరి అన్ని ఊళ్లలో ఒకే రోజు పండదు. వాన మాత్రం అన్ని ఊళ్లలో ఒకే రాత్రి పడుతుంది. ఈశాన్య రుతుపవనాల కాలంలో, అంటే అక్టోబరు నుంచి డిసెంబరు దాకా, వాయుగుండం వస్తే తిరుపతికీ శ్రీకాళహస్తికీ ఒకేసారి యంత్రం కావాలి. అప్పుడు యంత్రం ఎవరి దగ్గర ఉంటే వారిదే. వాన రోజు కోసం చేసుకున్న పంపకం వాన రోజునే చెడిపోతుంది. కాబట్టి పంచుకోవలసింది ఆగస్టు, సెప్టెంబరు నెలల పనిని. ఏ వారం ఏ ఊరిదో ముందే తేదీలతో రాసుకోవాలి. తుపాను నాటి అత్యవసరానికి ఎవరి పంపులు వారు ఉంచుకోవడమే మేలని నా అభిప్రాయం.

[తెరపై: కాలువ అడ్డుకోత. అడుగున పూడిక పొర]

ఇక డబ్బు. గంటకు ఇంత అంటే పని తెమలకుండా సాగుతూనే ఉంటుంది. మీటరుకు ఇంత అంటే పని పరుగెడుతుంది, కానీ పైపైనే గీకి వదిలేస్తారు. పని ముందు, పని తరువాత ఒకే చోట పూడిక లోతు కొలిచి, తీసిన పరిమాణానికి చెల్లించడం మేలు. కొలిచేటప్పుడు రెండు ఊళ్ల ఇంజనీర్లూ అక్కడ ఉండాలి. లేకపోతే బిల్లు దగ్గర తగాదా తప్పదు.

ఒక మాట పక్కకు వెళ్లి చెప్పాలి. యంత్రం చేరని చోట మనిషిని దించుదామనే పాత అలవాటు ఇంకా పోలేదు. రక్షణ సామగ్రి లేకుండా మురుగు గుంతల్లోకి మనుషుల్ని దించడాన్ని 2013 నాటి చట్టం నిషేధించింది. పేరుకు వాన కాలువే అయినా మన ఊళ్లలో చాలా చోట్ల ఇళ్ల మురుగు కూడా అందులోనే కలుస్తుంది. మూతపడిన కాలువలో విషవాయువు ఉండవచ్చు. పక్క ఊరి నుంచి వచ్చిన కార్మికుడికి ఏమైనా జరిగితే బాధ్యత ఎవరిదో ఒప్పందంలోనే ఉండాలి.

[తెరపై: కాలువ గట్టున పూడిక కుప్ప, దాని మీద వాన]

చివరగా, ఎక్కువ ఒప్పందాలు మరిచిపోయే విషయం. తీసిన పూడికను ఎక్కడ పోయాలి? గట్టు మీదే వదిలేస్తే తరువాతి వానకు తిరిగి కాలువలోకే జారుతుంది, చేసిన ఖర్చంతా దానితోనే పోతుంది. నగరం ప్లాస్టిక్ కలిసిన బురదను తమ పొలాల పక్కన పోస్తామంటే ఏ పంచాయతీ ఒప్పుకుంటుంది? ఆరబెట్టే స్థలం ఎవరిది, అక్కడికి లారీ ఎవరిది, అద్దె ఎంత అనే మూడింటికీ జవాబు రాయని కాగితం మీద ఏ కమిషనరూ, ఏ సర్పంచీ సంతకం చేయకూడదు.