తక్‌పట్టీలో కనిపించని తరుగు

అందరికీ నమస్కారం. ముందు వరుసల్లో కూర్చున్నవాళ్లు పిల్లల్ని ఆగస్టు సెమిస్టరుకు అమెరికా పంపుతున్న తల్లిదండ్రులని చేతుల్లోని ఫైళ్లు చూస్తేనే తెలుస్తోంది. వెనక జగిత్యాల, మెట్‌పల్లి, సిరిసిల్ల వైపు నుంచి వచ్చినవాళ్లున్నారు. వాళ్ల ఇళ్లల్లో మనుషులు దుబాయ్‌లోనో సౌదీలోనో ఉన్నారు. ఒకరి పైసలు ఇక్కడి నుంచి పోవాలి, ఇంకొకరి పైసలు అక్కడి నుంచి రావాలి. నడిమధ్యలో పడే కోత మాత్రం ఇద్దరికీ ఒకటే. ఈ సాయంత్రం హనుమకొండలో మనం కలుసుకున్నది ఆ కోత సంగతి మాట్లాడుకోవడానికే.

ఎనుమాముల మార్కెట్‌కు పత్తి తీసుకుపోయే రైతుకు ఇది కొత్త విషయం కాదు. క్వింటాలుకు మంచి ధరే పలుకుతారు. తర్వాత తేమ అంటారు, తరుగు అంటారు. ఇంటికొచ్చి తక్‌పట్టీ, అంటే మార్కెట్‌లో ఇచ్చిన లెక్క చీటీ, చూసుకుంటే పలికిన ధర ఒకటి, చేతికొచ్చింది ఇంకొకటి. అందుకే అనుభవమున్న రైతు "ధరెంత" అని అడిగి ఊరుకోడు. "అన్నీ పోను చేతికెంత" అని అడుగుతాడు. విదేశాలకు పైసలు పంపేటప్పుడైనా, అక్కడ ఖర్చు పెట్టేటప్పుడైనా అడగాల్సిన ప్రశ్న అదే. నా దగ్గర మొత్తం ఎంత పోతుంది, అవతల ఎంత చేరుతుంది? ఈ రెండు అంకెలు పక్కపక్కన పెట్టి చూసేవరకు ఏ బోర్డునూ నమ్మకండి. ముఖ్యంగా "ఫీజు సున్నా" అని రాసి ఉన్న బోర్డును.

నేను బ్యాంకులో విదేశీ మారకం పని చూస్తూ చాలా ఏళ్లు గడిపాను. అందులో కొంతకాలం జగిత్యాలలో. 2021లో ఒక రోజు మధ్యాహ్నం ఒకావిడ పాస్‌బుక్ పట్టుకుని కౌంటర్ దగ్గరికొచ్చింది. "సారూ, మా ఆయన ముప్పై వేలు ఏసిన అంటడు. మీ మిషిన్ల ఇరవై తొమ్మిది వేల మీద చిల్లరనే ఉంది. నడుమ ఎవలు తిన్నరు?" అంది. ఫోన్‌లో భర్త పంపిన రసీదు ఫొటో ఉంది. ఇద్దరం కలిసి పాస్‌బుక్ జిరాక్సు వెనక లెక్క రాశాం.

ఆయన ఎక్స్ఛేంజ్ హౌస్‌లో 1,500 దిర్హమ్‌లు ఇచ్చాడు. అప్పుడు బయట దిర్హమ్ 20 రూపాయల దగ్గర ఉంది. ఆ లెక్కన ముప్పై వేలు. వాళ్లు ముందు 20 దిర్హమ్‌లు ఫీజు తీసుకున్నారు. మిగిలింది 1,480. దాన్ని 19 రూపాయల 75 పైసల చొప్పున మార్చారు. ఖాతాలో పడింది 29,230. అంటే 770 రూపాయలు తగ్గాయి. అందులో ఫీజు కింద పోయింది 400. మిగతా 370 ఏమైనట్టు? ఆవిడ అడిగిన మాట నాకు ఇప్పటికీ గుర్తుంది: "గీ మూడు వందల డెబ్బై ఏ పేరు మీద పోయినయ్ సారూ?" పేరేమీ లేదమ్మా, రేటులో పోయినయ్ అన్నాను. రసీదు మీద ఫీజుకు ఒక గడి ఉంది. రేటులో కోసుకున్నదానికి గడి లేదు. నేను మోసమనడం లేదు, ఎవరైనా వ్యాపారం చేసేది లాభానికే. కానీ ఎండలో నిలబడి సంపాదించిన మనిషికి ఆ 370 ఎక్కడ పోయిందో తెలియాలి కదా.

దాన్ని పట్టుకోవడానికి ఒక చిన్న లెక్క ఉంది, ఇది గల్ఫ్ వాళ్ల కోసం. దిర్హమ్ విలువను డాలరుకు కట్టేసి పెట్టారు. 1997 నుంచి ఒక డాలరుకు 3.6725 దిర్హమ్‌లే. సౌదీ రియాల్‌ది 3.75, అది 1986 నుంచి అట్లాగే ఉంది. కాబట్టి ఆ రోజు డాలరు రేటు తెలిస్తే చాలు, దాన్ని ఈ అంకెతో భాగించండి. డాలరు 90 రూపాయలనుకుందాం. దిర్హమ్ 24 రూపాయల 50 పైసలు కావాలి, రియాల్ సరిగ్గా 24 రూపాయలు కావాలి. మీకు దిర్హమ్‌కు 24 రూపాయల 25 పైసలిస్తామంటే వెయ్యి దిర్హమ్‌లకు 250 రూపాయలు రేటులోనే పోతున్నట్టు. పక్క సందులో ఇంకొకడు 24 రూపాయల 40 పైసలు ఇచ్చి ఫీజు రెండు దిర్హమ్‌లు ఎక్కువ తీసుకున్నా అతని దగ్గరే లాభం. ఫోన్‌లో ఇంటివాళ్లతో మాట్లాడేటప్పుడు ఈ రెండు అంకెలు చెప్పండి, రాసుకోమనండి.

ఇంకొకటి, ఫీజు పడేది మొత్తాన్ని బట్టి కాదు, పంపిన ప్రతిసారీ పడుతుంది. నెలలో మూడుసార్లు ఐదేసి వందలు పంపితే మూడు ఫీజులు, ఒకేసారి పదిహేను వందలు పంపితే ఒకటే. ఇంట్లో అవసరాలు ముందే మాట్లాడుకుంటే నెలకు రెండు ఫీజులు మిగులుతాయి.

ఇక హుండీ, అంటే బ్యాంకుతో పని లేకుండా మనుషుల చేతుల మీదుగా పైసలు చేరవేసే దారి. దాని గురించి మాట్లాడకుండా పోతే నేను నిజం దాచినవాడినవుతాను. హుండీ వాడు రేటు కొంచెం ఎక్కువే ఇస్తాడు, ఇంటికి తెచ్చి ఇస్తాడు. కానీ 1999 నాటి విదేశీ మారక చట్టం, ఫెమా ప్రకారం అది చట్టవిరుద్ధం. చేతిలో రసీదుండదు. పైసలు చేరకపోతే ఏ స్టేషన్‌కు పోయి ఏమని చెబుతారు? రేపు ఇల్లు కట్టడానికి లోన్ అడిగితే ఇన్నేళ్ల సంపాదనకు ఒక్క కాగితమైనా చూపించలేరు. గల్ఫ్‌కు పోయి ఏళ్లయినా పాత సేవింగ్స్ ఖాతాలోనే వేస్తున్నవాళ్లు కూడా ఎన్ఆర్ఈ ఖాతా, అంటే విదేశాల్లో ఉండేవాళ్ల సంపాదన వేసుకునే ఖాతా, తెరవాలి. దాని మీద వడ్డీకి ఇక్కడ ఆదాయపు పన్ను లేదు.

ఇప్పుడు ముందు వరుసల దగ్గరికి వస్తాను. మీ సంగతిలో మొత్తం పెద్దది, కాబట్టి కోత కూడా పెద్దది. 20,000 డాలర్ల ఫీజు కట్టాలి. బ్యాంకుకు పోతే ఏమడుగుతారు? "పంపడానికి చార్జి ఎంత సార్?" వాళ్లు వెయ్యి అంటారు, పన్నెండు వందలంటారు. మీరు దాని దగ్గర బేరమాడతారు. అసలు సంగతి రేటులో ఉంది. రేటులో ఒక్క రూపాయి తేడా అంటే ఇరవై వేల రూపాయలు! వెయ్యి రూపాయల దగ్గర గట్టిగా మాట్లాడి ఇరవై వేలు వదిలేసిన తండ్రుల్ని నా కౌంటర్ ముందే చూశాను. వాళ్లలో కొందరు ఆ సొమ్ముకు పొలం అమ్మి వచ్చినవాళ్లు.

బ్యాంకులో రోజూ ఉదయం ఒక రేట్ల పట్టిక వస్తుంది. అందులో టీటీ సెల్లింగ్ అని ఒకటుంటుంది, ఖాతా నుంచి ఖాతాకు పంపేదానికి. నోట్ల సెల్లింగ్ రేటు దానికంటే ఎక్కువ ఉంటుంది, నోట్లను మోసుకురావాలి, భద్రపరచాలి కాబట్టి. పెద్ద మొత్తమైతే పట్టిక రేటే ఆఖరి మాట కాదు. బ్రాంచి మేనేజరును అడిగితే రేట్లు చూసే తమ ట్రెజరీ విభాగంతో మాట్లాడి తగ్గించిన రేటు తెప్పించే వీలుంది. అడగనివారికి మాత్రం ఎవరూ పిలిచి ఇవ్వరు. రెండు బ్యాంకుల దగ్గర, ఒక అనుమతి ఉన్న మారక సంస్థ దగ్గర, ఒకే రోజు ఒకే గంటలో అడగండి. ఉదయం ఒక చోట, రేపు ఇంకో చోట అడిగితే డాలరే కదిలిపోయి ఉంటుంది, పోలికకు అర్థముండదు. అడిగేటప్పుడు మాట ఇట్లా ఉండాలి: "యూనివర్సిటీ ఖాతాలో సరిగ్గా 20,000 డాలర్లు పడాలి. జీఎస్టీతో సహా నా ఖాతాలో ఎంత కట్ అవుతుంది?" జీఎస్టీ భయపడేంత ఉండదు. 18 లక్షలు మార్చితే దాని మీద 1,134 రూపాయలు, అంతే.

"సరిగ్గా 20,000 పడాలి" అని ఎందుకంటున్నానంటే, దేశాల మధ్య బ్యాంకులు వాడే స్విఫ్ట్‌లో పంపే పైసలు నేరుగా పోవు. దారిలో మధ్యవర్తి బ్యాంకు ఉంటుంది. అది తన కూలి పదిహేనో ఇరవయ్యో డాలర్లు అందులోంచే తీసుకుంటుంది. పిల్లవాడి ఖాతాలో ఫీజు ఇరవై డాలర్లు తక్కువ పడి రిజిస్ట్రేషన్ ఆగుతుంది. ఫారంలో చార్జీలు ఎవరివి అనే గడి దగ్గర మూడు మాటలుంటాయి: అవర్, షా, బెన్. అవర్ అంటే అన్నీ మనమే భరిస్తామని. ఫీజు కట్టేటప్పుడు అదే రాయించండి.

టీసీఎస్ అని మూలంలో వసూలు చేసే పన్ను ఒకటుంది, దాన్ని చార్జి అనుకుని కంగారుపడేవాళ్లు ఎక్కువ. బ్యాంకు విద్యారుణం నుంచి పోయేదానికి 2025 ఏప్రిల్ నుంచి అది లేదు. సొంత పైసలైతే ఒక ఆర్థిక సంవత్సరంలో ఒక పాన్ మీద పది లక్షల వరకు లేదు. ఆపైన పట్టుకున్నది కూడా రిటర్న్ వేస్తే మీ పన్నులో సర్దుబాటవుతుంది, ఎక్కువైతే వెనక్కి వస్తుంది. తల్లికి సొంత డబ్బు, పాన్ ఉంటే ఆమె ఖాతా నుంచి కొంత పంపవచ్చు, ఆమె పది లక్షలు ఆమెవే.

ఇప్పుడు చెప్పబోయేది నాకే జరిగింది. అమెరికాలో ఉన్న అమ్మాయి దగ్గరికి పోయి వస్తూ నేనూ మా ఇంటావిడా దుబాయ్‌లో రెండు రోజులు ఆగాం. మనవడికి బట్టలు కొన్నాం, 400 దిర్హమ్‌ల బిల్లు. కార్డు పెట్టగానే మిషన్ మీద రెండు వరుసలు వచ్చాయి. పైన 400 దిర్హమ్‌లు, కింద 9,600 చిల్లర రూపాయలు. కుర్రవాడు నవ్వుతూ "ఇండియన్ రుపీస్, సార్?" అన్నాడు. పరాయి దేశంలో రూపాయి పేరు వినగానే మనసుకు హాయిగా ఉంటుంది, అవునన్నాను. గదికి వచ్చి లెక్క చూశాను. ఆ రోజు దిర్హమ్ 22 రూపాయల 65 పైసలు. 400కు 9,060 కావాలి. నేను అవునన్న ఒక్క మాటకు ఐదు వందలపైనే పోయాయి. నెలాఖరున మా బ్యాంకు దాని మీద ఇంకొక చార్జి వేసింది, బిల్లు రూపాయల్లో వచ్చినా వ్యాపారి విదేశంలోనే ఉన్నాడు కదా అని.

దీన్ని డైనమిక్ కరెన్సీ కన్వర్షన్ అంటారు. రూపాయల్లోకి మార్చేది మీ బ్యాంకు కాదు, ఆ షాపు మిషన్ వెనక ఉన్న కంపెనీ. రేటు దాని ఇష్టం. వీసా, మాస్టర్‌కార్డ్ నియమాల ప్రకారం ఎంచుకునే హక్కు మీదే, షాపువాడిది కాదు. అతను మిమ్మల్ని అడగకుండా నొక్కితే, రద్దు చేసి మళ్లీ చేయమని నిలబడి అడగండి. ఏ దేశంలో ఉంటే ఆ దేశం డబ్బులోనే చెల్లించాలి. ఏటీఎంలో కూడా ఇదే వస్తుంది, మార్పిడి ఒప్పుకుంటారా లేదా అని. లేదు అని నొక్కితే పైసలు రావేమోనని భయపడతారు. వస్తాయి. మార్చే పని మీ బ్యాంకు చూసుకుంటుంది.

ఆ మార్చే పనికి మన బ్యాంకు తీసుకునేదే మార్కప్. చాలా కార్డుల మీద 3.5 శాతం, దాని మీద 18 శాతం జీఎస్టీ, కలిపి 4.13. రెండు శాతం తీసుకునేవి ఉన్నాయి, అసలు తీసుకోనివి కూడా ఉన్నాయి. పిల్లలు బయలుదేరడానికి రెండు నెలల ముందే అలాంటి కార్డు ఒకటి తీసుకోండి. ఫారెక్స్ కార్డు కూడా మంచిదే, కానీ అందులో ఏ డబ్బు నింపితే ఆ డబ్బులోనే ఖర్చు పెట్టాలి. డాలర్లు నింపిన కార్డుతో దోహా ఎయిర్‌పోర్టులో టీ తాగితే మళ్లీ మార్పిడి చార్జి పడుతుంది.

ఏటీఎం దగ్గర ఒక్క లెక్క చూడండి. డాలరు 90 అనుకుని మామూలు డెబిట్ కార్డుతో 20 డాలర్లు తీశారు. ఆ ఏటీఎం వాడు మూడు డాలర్లు తీసుకుంటాడు. మన బ్యాంకు ఒక్కసారికి 150, పైన మార్కప్, రెండింటి మీదా జీఎస్టీ. 1,800 రూపాయల నోట్ల కోసం ఖాతాలో 2,332 పోయింది. వందకు ముప్పై రూపాయల వడ్డీలాంటిది! అదే ఒకేసారి 100 డాలర్లు తీస్తే 9,000కు 830 అదనం, అంటే తొమ్మిది శాతంపైన. అదీ తక్కువేం కాదు, కానీ మొదటిదానిలా ప్రాణం తీయదు. క్రెడిట్ కార్డుతో మాత్రం ఏటీఎం జోలికి పోకూడదు. ఫీజుతో పాటు ఆ రోజు నుంచే వడ్డీ నడుస్తుంది. అమెరికాలో దిగిన వారంలోనే పాస్‌పోర్టు, యూనివర్సిటీ ఇచ్చే ఐ-20 పత్రం చూపించి విద్యార్థుల ఖాతా తెరిస్తే ఈ బాధ చాలావరకు తీరిపోతుంది. సొంత బ్యాంకు ఏటీఎంలోనే తీయాలని కూడా చెప్పి పంపండి.

నోట్లు ఎన్ని తీసుకుపోవాలని అడుగుతారు. చాలా దేశాలకు 3,000 డాలర్ల వరకు నోట్లు అనుమతి ఉంది. నా మాట వింటే మొదటి రెండు వారాలకు సరిపడా చాలు. అవి కూడా ఇక్కడే ముందుగా తీసుకోండి. శంషాబాద్‌లో విమానం ఎక్కబోయే ముందు తీసుకుంటే, తొందర మీకుందని ఆ కౌంటర్‌కు తెలుసు. తిరిగి వచ్చాక మిగిలినవి 180 రోజుల్లో మార్చుకోవాలి. 2,000 డాలర్ల వరకు మాత్రం దగ్గర ఉంచుకోవచ్చు.

కార్డుల విషయంలో ఇంకొక పని ఇవాళే చేయండి. 2020 నుంచి కొత్త కార్డులు దేశంలో వాడకానికే తెరిచి వస్తున్నాయి. విదేశీ వాడకం మీరే యాప్‌లో తెరవాలి, పరిమితి కూడా మీరే పెట్టుకోవాలి. ఓటీపీ వచ్చే సిమ్‌కు రీచార్జి ఉండాలి, రోమింగ్ తెరిచి ఉండాలి. అది లేక పిల్లవాడు రాత్రిపూట హాస్టల్ అడ్వాన్సు కట్టలేక ఇంటికి ఫోన్ చేస్తే, కాజీపేటలో కూర్చుని మనం చేయగలిగేది ఏమీ ఉండదు. రెండు కార్డులు రెండు వేరే సంచుల్లో పెట్టండి.

ఫైళ్లు తెచ్చినవాళ్లు కిటికీ పక్కనున్న బల్ల దగ్గరికి రండి. బ్యాంకు ఇచ్చిన రేటు కాగితం ఉంటే చూపించండి, ఆ రోజు డాలరు ఎంత ఉందో చూసి ఎంత కోశారో కలిసి లెక్క వేద్దాం. జగిత్యాల బస్సు ఎక్కాల్సినవాళ్లు ముందు రండి.