డిస్క్ గోల్ఫ్: కొత్తవాళ్ల ప్రశ్నలు, కోచ్ జవాబులు (ఫోన్-ఇన్ కార్యక్రమం)

యాంకర్: శ్రోతలకు నమస్కారం. ఈ వారం డిస్క్ గోల్ఫ్ గురించి మాట్లాడుకుందాం. కోచ్ గారు స్టూడియోలోనే ఉన్నారు. సార్, ఆట ఏంటో రెండు ముక్కల్లో చెప్పండి, ఫోన్లు తీసుకుందాం.

కోచ్: గోల్ఫ్ లాంటిదే. కర్ర, బంతి ఉండవు, చేత్తో ప్లాస్టిక్ డిస్క్ విసరాలి. పడ్డచోటి నుంచి మళ్లీ విసరాలి. గొలుసులు వేలాడే ఇనుప బుట్టలో పడేదాకా అంతే. ఎవరు తక్కువసార్లు విసిరితే వాళ్లు గెలిచినట్టు. మామూలుగా 18 హోల్స్, అంటే 18 బుట్టలు, కొన్నిచోట్ల 9. అమెరికాలో 1970లలో ఎడ్ హెడ్రిక్ అనే ఆయన ఈ గొలుసుల బుట్ట తయారుచేశాక ఆట బాగా పాకింది.

యాంకర్: మొదటి కాలర్, తిరుపతి నుంచి.

కాలర్ (తిరుపతి): సార్, యూనివర్సిటీలో చదువుతున్నా. ఆన్‌లైన్‌లో డిస్టెన్స్ డ్రైవర్ చూశాను, చాలా దూరం పోతుందంట. అది తీసుకోమంటారా?

కోచ్: వద్దు. ఈ గంటలో పదిమంది అడిగినా ఇదే చెప్తా, కొత్తవాళ్లు డ్రైవర్ కొనొద్దు. దాని అంచు వెడల్పుగా, పదునుగా ఉంటుంది. గాల్లో సరిగ్గా పోవాలంటే చేతిలో చాలా వేగం కావాలి. ఆ వేగం లేకపోతే కాస్త దూరం పోయి పక్కకు తిరిగి పడిపోతుంది. బుట్టలోకి దగ్గర్నుంచి వేసే పుట్టర్ ఒకటి, మధ్య దూరానికి మిడ్ రేంజ్ ఒకటి, ఈ రెండూ చాలు. బరువు 150 నుంచి 170 గ్రాముల మధ్య చూసుకో.

కాలర్: ఇంట్లో ఫ్రిస్బీ ఉంది సార్, దాంతో...

కోచ్: విసరడం నేర్చుకోవడానికి పనికొస్తుంది. ఆటకు మాత్రం గోల్ఫ్ డిస్కే కావాలి, అది చిన్నది, 21 సెంటీమీటర్ల పైన ఉంటుంది.

యాంకర్: థాంక్యూ. తర్వాత దామలచెరువు నుంచి. చెప్పండి.

కాలర్ (దామలచెరువు): నమస్కారమమ్మా. నమస్కారం సార్. నేను రిటైరైన టీచర్ని. మావాడు డల్లాస్‌లో ఉంటాడు, పోయిన సంక్రాంతికి వచ్చినప్పుడు మూడు డిస్కులు తెచ్చిచ్చాడు. మా మామిడితోటలో పొద్దున్నే విసురుతుంటా. మా బడి రోజుల్లో టెన్నికాయిట్ బాగా ఆడేవాణ్ణి సార్, జిల్లా పోటీలకు కూడా పోయినా. అప్పట్లో ఈ రోడ్డు కూడా లేదు, పాకాల నుంచి సైకిల్ మీద...

కోచ్: అయ్యవారూ, ప్రశ్న ఏంటండీ?

కాలర్: అదే వస్తున్నా. ఎంత నేరుగా విసిరినా చివర్లో ఎడమకే పోతోంది. పైగా డిస్కుల మీద నాలుగు నెంబర్లు ఉన్నాయి. ఒకదాని మీద 12, 5, మైనస్ 1, 3. ఇంకోదాని మీద 5, 4, మైనస్ 1, 1. మూడోది 2, 3, 0, 1. ఇవేంటి?

కోచ్: మొదటి నెంబరు స్పీడ్. అది డిస్క్ పోయే వేగం కాదు, సరిగ్గా పోవడానికి మీరివ్వాల్సిన వేగం. రెండోది గ్లైడ్, గాల్లో ఎంతసేపు తేలుతుందో. మూడోది టర్న్, వేగంగా ఉన్నప్పుడు కుడికి తిరిగే గుణం, మైనస్ పెరిగేకొద్దీ ఎక్కువ తిరుగుతుంది. నాలుగోది ఫేడ్, వేగం తగ్గాక చివర్లో ఎడమకు ఎంత వంగుతుందో. ఇదంతా కుడిచేత్తో బ్యాక్‌హ్యాండ్, అంటే చెయ్యి ఛాతీకి అడ్డంగా తెచ్చి విసిరేవాళ్ల లెక్క. మీరు కుడిచేతి వాటమేగా?

కాలర్: కుడే. అంటే డిస్క్‌లో లోపమా?

కోచ్: కాదండీ, దాని స్వభావమే అది. బొంగరం వేగం తగ్గితే ఒక పక్కకు ఒరుగుతుంది చూడండి, ఇదీ అంతే. మీ 12 నెంబరు డిస్క్‌కు ఫేడ్ 3, పైగా అది డ్రైవర్. దాన్నే విసురుతున్నారు కదూ?

కాలర్: అదే కదా సార్ దూరం పోయేది!

కోచ్: (నవ్వుతూ) ఇందాక ఆ పిల్లాడికి చెప్పింది మీక్కూడా వర్తిస్తుంది. దాన్ని అల్మారాలో పెట్టేయండి. కనీసం రెండు నెలలు పుట్టర్, మిడ్ రేంజ్. ఇంకోటి, విసిరేటప్పుడు డిస్క్ ముందు అంచు పైకి లేస్తోందేమో చూసుకోండి. దాన్ని ముక్కు లేవడం అంటాం. ముక్కు లేస్తే డిస్క్ పైకి ఎగిరి, అక్కడ ఆగి, ఎడమకు జారి పడుతుంది. కొత్తవాళ్లలో చాలామందికి ఇదే జబ్బు. అరచెయ్యి కొంచెం కిందికి వంచి, టేబుల్ మీద డిస్క్‌ని జార్చినట్టు ఛాతీ ఎత్తులో నేరుగా లాగండి.

కాలర్: సరే సార్. మా మనవడు ఎదురుగా నిలబడి పట్టుకుంటున్నాడు, రింగ్ పట్టుకున్నట్టు...

కోచ్: అయ్యయ్యో, వద్దండీ! టెన్నికాయిట్ రింగ్ మెత్తటి రబ్బరు. ఇది గట్టి ప్లాస్టిక్, అంచు తగిలితే పళ్లు పోతాయి, కన్ను పోతుంది. గోల్ఫ్ డిస్క్‌ని పట్టుకోకూడదు. దారిలో మనిషి ఉంటే విసరకూడదు. పొరపాటున మనుషుల వైపు పోతే గట్టిగా అరవాలి. ఇది అందరికీ చెప్తున్నా.

కాలర్: మంచిది. అయితే సార్, ఆ ఎడమకు పోయేది మాత్రం...

కోచ్: (నిట్టూర్చి) అయ్యవారూ, పోనీండి. దాన్ని ఆపడం కాదు, లెక్కలోకి తీసుకోవాలి. బుట్టకు కొంచెం కుడివైపు గురిపెట్టండి, అదే వచ్చి పడుతుంది. తోటలో బుట్ట లేకపోతే ఒక్కో చెట్టు మానునీ లక్ష్యంగా పెట్టుకోండి, మొదట్లో అందరూ అలాగే ఆడారు. కాయ మీదున్నప్పుడు మాత్రం ఆపండి, లేకపోతే ఇంట్లో మీకే తిట్లు.

యాంకర్: చాలా థాంక్స్ మాస్టారూ. రేణిగుంట నుంచి.

కాలర్ (రేణిగుంట): సార్, మా పాపకు తొమ్మిదేళ్లు. ఎంత బరువుది కొనాలి?

కోచ్: 150 గ్రాముల లోపు పుట్టర్ చూడమ్మా. ఖరీదైన ప్లాస్టిక్ అక్కర్లేదు. మామూలు రకం చేతికి బాగా పట్టు దొరుకుతుంది, కాకపోతే తొందరగా అరుగుతుంది. ఎండాకాలం కారులో వదిలేయొద్దు, వంకర తిరుగుతాయి.

యాంకర్: పుత్తూరు కాలర్.

కాలర్ (పుత్తూరు): మోచెయ్యి నొప్పి సార్, డ్రైవర్ విసిరి విసిరి.

కోచ్: ఎముకల కట్టుకు పేరున్న పుత్తూరులో ఉండి నన్నడుగుతారా? (నవ్వు) లేదండీ, సీరియస్‌గా చెప్తున్నా, విసరడం ఆపండి. తగ్గకపోతే డాక్టరుకు చూపించండి. బలమంతా చేత్తోనే పెడుతున్నారు, నడుము, తొడలు తిరగడం లేదు. మళ్లీ మొదలుపెట్టినప్పుడు పుట్టర్‌తోనే. డ్రైవర్ ఎందుకు వద్దంటున్నానో ఇప్పుడైనా...

యాంకర్: శ్రీకాళహస్తి లైన్లో ఉన్నారు.

కాలర్ (శ్రీకాళహస్తి): సార్, మేం స్వర్ణముఖి ఇసుకలో ఆడుతాం. గాలి ఎక్కువ. ఎదురుగాలికి డిస్క్ లేచిపోయి కుడికి పోతోంది.

కోచ్: మంచి ప్రశ్న. ఎదురుగాలిలో డిస్క్‌కు తను ఇంకా వేగంగా పోతున్నట్టే ఉంటుంది, అందుకే టర్న్ పెరుగుతుంది. టర్న్ సున్నా ఉండి, ఫేడ్ ఎక్కువున్న డిస్క్ తీసుకుని తక్కువ ఎత్తులో, ముక్కు కిందికి పెట్టి విసురు. వెనకగాలి అయితే తొందరగా కిందికి దిగిపోతుంది, అప్పుడు కొంచెం ఎత్తుగా విసరాలి. గాలి ఉన్నరోజు బలంగా విసిరితే పని జరగదు తమ్ముడూ, మెల్లగా విసరాలి.

కాలర్: ఇసుకలో కాలు జారుతోంది కూడా...

కోచ్: పరిగెత్తకుండా నిలబడే విసురు. మొదట్లో ఎవరైనా అలాగే నేర్చుకోవాలి.

యాంకర్: చివరి కాల్, చిత్తూరు నుంచి. త్వరగా అడగండి.

కాలర్ (చిత్తూరు): బుట్టకు దగ్గరగా వచ్చాక విసిరి ముందుకు దూకేస్తున్నాం. అది తప్పంటున్నారు.

కోచ్: బుట్ట నుంచి 10 మీటర్లలోపు ఉంటే తప్పే. విసిరాక డిస్క్ పడ్డచోటికి వెనకే బ్యాలెన్స్ చూపించి, అప్పుడు ముందుకు నడవాలి. 10 మీటర్లు దాటితే ఆ రూల్ లేదు.

కాలర్: ఇంకోటి సార్, మా గ్రౌండ్ గోడ దాటి రోడ్డు మీద పడితే ఎంత పెనాల్టీ...

కోచ్: హద్దు అని ముందే అనుకుని ఉంటే ఒక విసురు కలుపుకోవాలి. అయితే రోడ్డు వైపు అసలు...

యాంకర్: సార్, వార్తల సమయం అయింది. ఫోన్ చేసినవాళ్లందరికీ ధన్యవాదాలు. లైన్ దొరకనివాళ్లు వచ్చే వారం ప్రయత్నించండి.