రంగు పూస్తే కంచు కాదు: ఫొటోను లోహ విగ్రహంగా మార్చే పని

నమస్కారమండి. కావలి నుంచి మాట్లాడుతున్నాను. తెర మీద రెండు బొమ్మలు పక్కపక్కన పెట్టాను, చూడండి. రెండూ ఒకే ఫొటోలోంచి వచ్చినవే. ఎడమ పక్కది నాలుగేళ్ల కిందట చేశాను, కుడి పక్కది మొన్న చేశాను. రెండింట్లోనూ పెద్దాయన కంచు విగ్రహంలా కనిపించాలి. ఎడమ పక్కది అలా కనిపిస్తోందా?

ఆ కథ ముందు చెబుతాను. ఒక కుర్రవాడు మా స్టూడియోకు వచ్చి, "అన్నా, నాన్న సంవత్సరీకానికి ఫ్లెక్సీ వేయిస్తున్నాం. నిజంగా విగ్రహం పెట్టించే స్తోమత మాకు లేదు. ఫొటోలోనైనా విగ్రహంలాగా చేసిపెట్టు" అన్నాడు. ఆ రాత్రే కూర్చున్నాను. ఫొటోషాప్‌లో ఫొటో తెరిచి, రంగు తీసేసి, ప్లాస్టిక్ ర్యాప్ అనే ఫిల్టరు కొట్టి, పైన పసుపురంగు పూశాను. ఇరవై నిమిషాల్లో అయిపోయింది. నా పనితనానికి నేనే మురిసిపోయాను. మర్నాడు ఆ కుర్రవాడు వాళ్ల అమ్మగారిని వెంటబెట్టుకుని వచ్చాడు. ఆమె కంప్యూటర్ దగ్గరకు వంగి చూసి, "ఇదేమిటి నాయనా, ఆయనకు ఆముదం పట్టించావా?" అన్నారు.

మళ్లీ చూడండి ఎడమ బొమ్మను. అచ్చంగా ఆముదమే. ఆ ఫిల్టరు పేరులోనే ప్లాస్టిక్ ఉంది. అది వస్తువు మీద మెరిసే ప్లాస్టిక్ కాగితం చుట్టినట్టు చేస్తుంది కానీ వస్తువును లోహం చేయదు. టైము లేక ఆ రోజు అదే ప్రింటు వేసి ఇచ్చాను. ఆమె మాట మాత్రం మనసులో ఉండిపోయింది.

అసలు మన కళ్లకే ఒక చిక్కు ఉందండి. విగ్రహాలకు మన వైపు కొదవ లేదు. పక్కపక్కనున్న రెండు జిల్లాలకూ మనుషుల పేర్లే పెట్టుకున్నాం: 1972లో ఒంగోలు జిల్లాకు ప్రకాశం పంతులుగారి పేరు, 2008లో నెల్లూరు జిల్లాకు పొట్టి శ్రీరాములుగారి పేరు. ఏ కూడలిలో చూసినా ఎవరో ఒకరు నిలబడి ఉంటారు. కానీ ఊళ్లలో మనం చూసేవాటిలో చాలావరకు సిమెంటు బొమ్మలు, పైన బంగారు రంగు పెయింటు. విగ్రహం అనగానే మన బుర్రలోకి వచ్చేది ఆ పెయింటే. నేను చేసింది కూడా అదే: ఫొటోకు పెయింటు వేశాను.

మరి లోహం ఎలా ఉంటుంది? దానికి మ్యూజియాలకు వెళ్లక్కర్లేదు. ఇదిగో, మా ఇంట్లో ఇత్తడి చెంబు. మా ఆవిడ పొద్దున్నే చింతపండుతో తోమింది. చింతపండులోని పులుపు పైనున్న నల్లటి పొరను కరిగించి లోపలి లోహాన్ని బయటపెడుతుంది. కెమెరా దగ్గరకు తెస్తున్నాను. ఈ నిలువు తెల్లటి చార కనిపిస్తోందా? అది మా కిటికీ. దాన్ని ఆనుకునే ముదురు గోధుమరంగు చార, అది మూసి ఉన్న తలుపు. మధ్యలో మెల్లగా మారడం అనేది లేదు, వెలుగు పక్కనే చీకటి. ఇప్పుడు నా చెంప చూడండి. అదే కిటికీ, అదే వెలుగు, కానీ ముక్కు దగ్గర నుంచి చెవి దాకా వెలుతురు తగ్గుతూ తగ్గుతూ పోయింది. చర్మం వెలుగును నాలుగు వైపులా చెదరగొడుతుంది. లోహం ఎదురుగా ఉన్నదాన్ని తిరిగి చూపిస్తుంది.

ఇంకొకటి గమనించండి. చెంబు మీద అంత మెరుస్తున్న చోట కూడా తెలుపు స్వచ్ఛమైన తెలుపు కాదు, పసుపు కలిసిన తెలుపు. నా ముక్కు మీద మెరుపేమో తెల్లగానే ఉంది. రంగున్న లోహం మీద పడిన వెలుగు ఆ లోహం రంగు పూసుకునే బయటికొస్తుంది. ఇత్తడి అంటే రాగి, తుత్తునాగం. కంచు అంటే రాగి, తగరం. రెండింటి పద్ధతీ ఇంతే. ఇది గుర్తుంచుకోండి, రంగు వేసేటప్పుడు కావాలి.

ఇప్పుడు అసలు సంగతికి వస్తాను. ఇది తట్టడానికి నాకు చాలా కాలం పట్టింది. ఫొటోలో ఒక చోట నల్లగా ఉందంటే దానికి కారణాలు రెండు. అక్కడ నీడ పడి ఉండాలి, లేదా ఆ వస్తువే నల్లనిదై ఉండాలి. విగ్రహంలో రెండో కారణం ఉండదు. జుట్టు, చర్మం, పంచె, బొట్టు, అన్నీ ఒకే కంచు. నల్లజుట్టు లేదు, తెల్లచొక్కా లేదు, నీడ మాత్రమే ఉంది. నేను రంగు తీసేసి పసుపు పూసినప్పుడు జుట్టు నల్లగానే, చొక్కా తెల్లగానే మిగిలిపోయాయి. ఇక అది కంచు ఎలా అవుతుంది?

కాబట్టి ఫిల్టర్ల కంటే ముందు చేయాల్సిన పని ఇది: వస్తువు రంగును తీసేసి నీడను మాత్రం మిగుల్చుకోవడం. రండి, చేసి చూపిస్తాను. ఫొటోషాప్ లాంటిదే అయిన జింప్ వాడేవారు కూడా దీన్ని అనుసరించవచ్చు. అది ఉచితం. ప్లాస్టిక్ ర్యాప్ అందులో లేదు, లేకపోవడమే మేలు.

ముందుగా ఫొటో ఎంపిక. ఒక పక్క నుంచి వెలుగు పడిన ఫొటో కావాలి. ఆధార్ కార్డు కోసం తీసుకున్న ఫొటో తెచ్చి విగ్రహం చేయమంటే కష్టం. ఎదురుగా ఫ్లాష్ కొడితే ముఖం మీద నీడే ఉండదు, నీడ లేనిచోట శిల్పం ఉండదు. పాత స్టూడియో ఫొటోలు, నలుపుతెలుపువి, వీటికి భలే పనికొస్తాయి. అప్పటివాళ్లు దీపం పక్కన, కాస్త ఎత్తున పెట్టి తీసేవారు.

మనిషిని వెనుక భాగం నుంచి వేరుచేసి, ఫొటోషాప్‌లో అయితే కంట్రోల్ జె కొట్టి కాపీ తీసుకుని, రంగు తీసేయండి. ఇవి మీకు తెలిసినవే. ఆ తర్వాత జుట్టును మాత్రమే ఎంచుకుని కర్వ్స్‌లో, అంటే వెలుగునీడలను మార్చే గీతలో, పైకి లేపండి, చర్మం ఎంత బూడిదరంగులో ఉందో అంత వరకూ. చొక్కాను ఎంచుకుని కిందికి దించండి. పెద్దాయనకు తెల్ల మీసాలు ఉన్నాయి కదా, వాటినీ దించండి. పెదవులు కాస్త నల్లగా ఉన్నాయి, లేపండి. ఇప్పుడు చూడండి, బొమ్మ చప్పగా, మట్టితో చేసినట్టు తయారైంది. భయపడవద్దు. కంచు విగ్రహం కూడా మొదట మట్టిబొమ్మగానో మైనపుబొమ్మగానో ఉంటుంది. మైనం మీద మట్టి కప్పి, కాల్చి, కరిగిన మైనం ఖాళీ చేసిన చోట లోహం పోస్తారు. మనమూ ఆ దారిలోనే వెళ్తున్నాం.

చర్మం మీద రంధ్రాలు, సన్నటి వెంట్రుకలు ఉండకూడదు. ఫొటోషాప్‌లో అంచులు చెదరకుండా నునుపు చేసే సర్ఫేస్ బ్లర్ తీసుకుని వ్యాసార్థం 7, థ్రెషోల్డ్ 12 పెట్టాను. మీ ఫొటో పెద్దదైతే అంకెలు పెంచుకోండి. ముడతలు మాత్రం పోనివ్వకండి. నుదుటి మీద ఆ మూడు గీతలు తీసేస్తే అది వాళ్ల నాన్న కాదు.

జుట్టు. శిల్పి వెంట్రుక వెంట్రుకా చెక్కడు, పాయలు పాయలుగా చేస్తాడు. వేలితో రుద్దినట్టు రంగును లాగే స్మడ్జ్ పరికరంతో జుట్టు ఎటు వాలి ఉందో అటే లాగుతూ, పది వెంట్రుకలను ఒక పాయ చేయండి. పాయకు ఒక పక్క వెలుగు, ఒక పక్క నీడ. విసుగు పుట్టించే పని. ఒక టీ తాగి రండి.

కళ్ల దగ్గరకు వచ్చాం. ఇక్కడే చాలామంది దెబ్బతింటారు. ముఖమంతా కంచులా చేసి కళ్లను వదిలేస్తే, లోహపు ముసుగు వేసుకున్న మనిషి మనల్ని చూస్తున్నట్టు ఉంటుంది. రాత్రిపూట అలాంటి ఫ్లెక్సీ కనబడితే పిల్లలు జడుసుకుంటారు. కంచులో నల్లగుడ్డు నల్లగా ఉండదు కదా, మరి శిల్పి చూపు ఎలా తెస్తాడు? గుంట తవ్వుతాడు. నల్లగుడ్డు చుట్టూ ఒక గీత చెక్కి, మధ్యలో లోతుగా తవ్వుతాడు. ఆ గుంటలో నీడ నిలిచి నల్లగా కనిపిస్తుంది. రోమన్ శిల్పులు పాలరాతి మీద రెండో శతాబ్దం నుంచి చేస్తున్న ఉపాయమిది. మనం ఏం చేయాలంటే, కంటి మొత్తాన్నీ, తెల్లగుడ్డుతో సహా, కనురెప్ప రంగుతో పూసేయాలి. పైరెప్ప కింద చంద్రవంకలా ఒక నీడ గీయాలి. నల్లగుడ్డు చోట చిన్న గుంట గీయాలి: పైఅంచు ముదురుగా, కిందిఅంచున సన్నటి వెలుగు. తడి మెరుపు చుక్క ఉంటే చెరిపేయండి, విగ్రహం కంట తడి ఉండదు.

ఇప్పుడు లోహపు మెరుపు. లేయరును, అంటే మనం పనిచేస్తున్న ఈ పొరను, కాపీ తీసి, కొద్దిగా బ్లర్ చేసి, దాని మీద కర్వ్స్ తెరవండి. ఆ గీతను మూడు చోట్ల పట్టుకుని ఒకచోట పైకి, ఒకచోట కిందికి, మళ్లీ పైకి, పాములా వంచండి. వెలుగు పక్కన చీకటి, చీకటి పక్కన వెలుగు వచ్చాయా? మన చెంబు ఇదే. అయితే ఇది తోమిన చెంబు, బయట నిలబడే విగ్రహం ఇంతగా మెరవదు. అందుకని ఈ లేయరు ఒపాసిటీ, అంటే అది కింది పొరను ఎంత కప్పుతుందో ఆ పాళ్లు, 35 శాతానికి తగ్గిస్తున్నాను.

రంగు చివర్లో. చీకటి నుంచి వెలుగు దాకా ఒక్కో స్థాయికి ఒక్కో రంగు వేసే గ్రేడియంట్ మ్యాప్ తీసుకుని మూడు రంగులు పెట్టండి. అంకెలు ఎరుపు, ఆకుపచ్చ, నీలం వరుసలో చెబుతున్నాను. చీకటికి 26, 15, 8. మధ్యకు 122, 74, 36. వెలుగుకు 243, 220, 166. వెలుగు కొస తెలుపు కాదు, చూశారా? చెంబు నేర్పింది అదే. మధ్యరంగు మరీ పసుపైతే కూడలి పెయింటు తిరిగొస్తుంది, జాగ్రత్త.

మీకు ఓపిక ఉంటే చిలుము కూడా పెట్టవచ్చు. రాగి కలిసిన లోహం మీద గాలి, తేమ పనిచేస్తే ఆకుపచ్చని పొర వస్తుంది. మైపాడు లాంటి సముద్రపు ఒడ్డున ఉప్పుగాలికి ఇంకా తొందరగా వస్తుంది. చెవి మడతల్లో, చొక్కా కాలరు కింద, మీసాల సందుల్లో, అంటే ఎవరి చేయీ తగలని చోట, నీలం కలిసిన ఆకుపచ్చను పలుచగా పూయండి. ముక్కు కొస మీద పూయకండి, ఉబ్బెత్తు చోట్లు రాసుకుని మెరుస్తూనే ఉంటాయి.

కింద దిమ్మె కావాలంటే మన చీమకుర్తి గెలాక్సీ గ్రానైట్ పెట్టండి. నల్లటి పలక, మీద చెదురుమదురుగా బంగారు చుక్కలు. ఆ చుక్కలు బ్రాంజైట్ అనే ఖనిజానివి. కంచులా మెరుస్తుందనే దానికా పేరు. కంచు మనిషికి కంచు పేరున్న రాయి, బాగుంటుంది.

ఒక్క మీట నొక్కితే విగ్రహం చేసిపెట్టే కృత్రిమ మేధ యాప్‌లు వచ్చాయి కదా అంటారు. వచ్చాయి, నేనూ చూశాను. కంచు చాలా బాగా చేస్తాయి. మనిషిని మాత్రం తరచూ మార్చేస్తాయి. దవడ కాస్త సన్నబడుతుంది, ముక్కు కాస్త సూటి అవుతుంది. సినిమా హీరో బొమ్మకైతే పర్వాలేదు. పోయిన తండ్రి బొమ్మకు అది కుదరదు.

మొన్న ఆ కుర్రవాడు మళ్లీ వచ్చాడు, ఇంటి హాల్లో పెట్టుకోవడానికి కొత్తగా చేసివ్వమని. కుడి పక్క బొమ్మ అదే. అమ్మగారూ వచ్చారు. ఈసారి చాలాసేపు చూశారు. ఆముదం మాట ఎత్తలేదు. "కళ్లజోడు ఏదీ? ఆయన కళ్లజోడు లేకుండా వీధిలోకి అడుగు పెట్టేవారు కాదు" అన్నారు.

నిజమే. అద్దాల మీద మెరుపు ఇబ్బంది పెడుతోందని నేనే కళ్లజోడు చెరిపేశాను. విగ్రహాలకు మామూలుగా అద్దాలు పెట్టరు, ఉత్త ఫ్రేము పెడతారు. అదే గీశాను: కాస్త మందంగా, పైఅంచున సన్నటి వెలుగుతో, చెంప మీద దాని నీడ పడేలా. ఆ నీడ లేకపోతే ఫ్రేము గాలిలో తేలుతుంది. నలభై నిమిషాలు పట్టింది. ఆమె కుర్చీలోంచి లేవలేదు. ఎడమ చెవి దగ్గర కాడ కొద్దిగా వంకరగా ఉండేదని చెప్పి, దాన్ని కూడా వంచమన్నారు.