"మీ అబ్బాయి మా దగ్గరున్నాడు" అని ఫోన్ వస్తే
(తల్లిదండ్రుల సమావేశంలో ప్రసంగ పాఠం)

అమ్మలకు, నాన్నలకు, టీచర్లకు నమస్కారం.

ఈ రోజు ఒక్క మోసం గురించే మాట్లాడతాను. వాట్సాప్‌ కాల్ వస్తుంది, డీపీలో ఖాకీ యూనిఫాం. "మీవాడు డ్రగ్స్ కేసులో దొరికాడు, ఇదిగో మాట్లాడండి" అంటాడు. వెనక నుంచి "నాన్నా..." అని ఏడుపు, అంతే. కేసు లేకుండా చేయాలంటే వెంటనే డబ్బు కొట్టమంటాడు, ఫోన్ మాత్రం పెట్టేయొద్దంటాడు. అతని బలమంతా ఆ చివరి మాటలోనే ఉంది. లైన్లో ఉన్నంతసేపు మీరు స్కూలుకు ఫోన్ చేయలేరు. పిల్లల దగ్గర ఫోన్ ఉండదు కాబట్టి బడి వేళలు మోసగాళ్లకు అనుకూలం. అది ఏఐ గొంతా కాదా అన్న చర్చ అనవసరం. ఏడుస్తుంటే ఎవరి పిల్లాడి గొంతైనా మనవాడిదిలాగే వినిపిస్తుంది.

ముందు కాల్ కట్ చేయండి. క్లాస్ టీచర్‌కి, స్కూలు ఆఫీసుకి చేయండి. ఆ రెండు నంబర్లు కాగితం మీద రాసి ఇంట్లో గోడకు అంటించండి, తాతయ్యలకూ ఇలాంటి కాల్స్ వస్తాయి. నిజంగానే పోలీసులు పట్టుకున్నా, 2015 జువెనైల్ జస్టిస్ చట్టం ప్రకారం 18 ఏళ్ల లోపు పిల్లల్ని లాకప్‌లో పెట్టకూడదు. ప్రయాణ సమయం పోను 24 గంటల్లో జువెనైల్ జస్టిస్ బోర్డు ముందు హాజరుపరచాలి. తల్లిదండ్రులకు కబురు చేయాలని చట్టంలో ఉంది, యూపీఐలో డబ్బు అడగమని లేదు.

పేరు, తరగతి వాళ్లకెలా తెలుస్తాయంటారా? స్టేటస్‌లో పెట్టిన ప్రోగ్రెస్ కార్డు చాలు.

ఇక స్కూలు గేటు సంగతి. "వాళ్ల నాన్నకు యాక్సిడెంట్ అయింది, నేను బాబాయిని" అంటూ వచ్చినవాడు తన ఫోన్ అందించి "వాళ్ల అమ్మతో మాట్లాడండి" అంటాడు. ఆ ఫోన్ అందుకోవద్దు. అడ్మిషన్ రిజిస్టర్‌లోని నంబరుకు స్కూలు ఫోన్ నుంచే చేయాలి. ఇంట్లోవాళ్లు కూడా ఒక రహస్య పదం అనుకోండి. అది పుట్టినరోజో ముద్దుపేరో కాకూడదు, వాట్సాప్‌లో టైప్ చేయకూడదు. పిల్లలు ఆ పదం ఎదురు అడిగి, చెప్పలేనివాళ్ల వెంట వెళ్లకూడదు.

డబ్బు పంపేశారా? వెంటనే సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయండి. పంపిన సమయం, మొత్తం, మీ బ్యాంకు పేరు, యూపీఐ లావాదేవీకి ఉండే 12 అంకెల గుర్తింపు నంబరు (యూటీఆర్) దగ్గర పెట్టుకోండి. మీ బ్యాంకుకూ చెప్పండి, జాతీయ సైబర్ క్రైమ్ పోర్టల్‌లోనూ ఫిర్యాదు పూర్తి చేయండి. ఈ తొందరకు కారణం ఉంది. ఆ డబ్బును చకచకా ముక్కలు చేసి అద్దె ఖాతాల్లోకి మళ్లిస్తారు. ఏదో ఒక ఖాతాలో ఉన్నంతవరకే బ్యాంకు ఆపగలదు, ఏటీఎంలో తీసేశాక చేసేదేమీ ఉండదు. అన్నట్టు, ఆ అద్దె ఖాతాలు కొన్ని కాలేజీ పిల్లలవే. కమీషన్‌కు ఆశపడి ఖాతా ఇచ్చినవాడి మీద కూడా కేసు పడుతుంది.

ఫిర్యాదు చేశాక "సైబర్ సెల్ నుంచి, మీ డబ్బు దొరికింది, ప్రాసెసింగ్ ఫీజు కట్టండి" అని ఇంకో కాల్ రావచ్చు. అది రెండో మోసం. ఆ డబ్బు తిరిగి ఇప్పించడానికి పోలీసులు ఫోన్లో ఫీజు అడగరు.