భీమిలి దాకా, తీరిగ్గా

శ్రోతలకు నమస్కారం. విశాఖపట్నంలో సముద్రం పక్కన ఒక రోజు ఎలా గడపాలో ఇవాళ నాకు తోచింది చెప్తాను. ఇది ఇద్దరి కోసం, మొగుడూ పెళ్ళాం మాత్రమే, పిల్లలూ చుట్టాలూ వెంట లేని రోజు. ముందే ఒక మాట అనేస్తాను, ఎవరేమనుకున్నా సరే. కారు మాట్లాడుకుని ఒక్క పూటలో కైలాసగిరి, జలాంతర్గామి, రుషికొండ, తొట్లకొండ, భీమిలి, సింహాచలం, కుదిరితే అరకు కూడా చుట్టేద్దాం అనుకునేవాళ్ళని చూస్తే నాకు జాలేస్తుంది. రాత్రికి ఫోన్ నిండా ఫోటోలుంటాయి, కాళ్ళు పీకుతుంటాయి, మధ్యాహ్నం ఏం తిన్నారంటే ఇద్దరూ మొహమొహాలు చూసుకుంటారు. ఈ ఊళ్ళో ఒడ్డు వెంబడే భీమిలి దాకా రోడ్డుంది కదా. దాని మీద రెండు మూడు చోట్ల దిగండి, ఎండని బట్టీ పడవలొచ్చే వేళని బట్టీ కదలండి, మిగతావి బస్సు కిటికీలోంచి చూస్తే కొంపలేం మునగవు.

మా ఆయన ఈ పద్ధతికి బొత్తిగా ఒప్పుకునే మనిషి కాదు. ఆయన ముందురోజు రాత్రే ఫోన్లో జాబితా రాసుకుంటారు, ఎక్కడ ఎన్ని నిమిషాలో కూడా. ఆ జాబితాలో సగం నేను కొట్టేశాకే మేం ఇల్లు కదుల్తాం.

మొదలు ఆర్కే బీచ్, తెల్లారకముందే. మనది తూర్పు తీరం, సూర్యుడు సముద్రంలోంచి పైకొస్తాడు కానీ సముద్రంలోకి దిగడు. బయటూళ్ళ నుంచి వచ్చినవాళ్ళు చాలామంది సాయంత్రం సూర్యాస్తమయం కోసం నీళ్ళకేసి చూస్తూ కూర్చుంటారు, ఆయనేమో వీళ్ళ వెనక కొండల చాటున ఎప్పుడో దిగిపోయి ఉంటాడు. కాబట్టి సూర్యుడి పని పొద్దున్నే పూర్తి చేసుకోవాలి. ఆ వేళ బీచ్ రోడ్డు మీద కాసేపు బండ్లు ఆపేస్తారు, హారన్ల గోల ఉండదు, రోడ్డు మధ్యలో చేతులూపుకుంటూ నడవచ్చు.

నీళ్ళలోకి దిగే సంగతి మాత్రం కొంచెం గట్టిగానే చెప్పాలి. ఇక్కడ ఒడ్డు దగ్గరే లోతు ఎక్కువ, పైగా లాగేస్తుంది. అలలతో పాటు ఒడ్డుకొచ్చిన నీళ్ళన్నీ మళ్ళీ లోపలికి పోవాలి కదా, అవి ఒక సన్నటి దారి చేసుకుని అందులోంచి జోరుగా వెనక్కి పోతాయి. ఆ దారిలో అలలు సరిగా విరగవు, నీళ్ళు నెమ్మదిగా ఉన్నట్టు కనిపిస్తాయి, చూసినవాళ్ళు ఇదే మంచి చోటనుకుని అక్కడే దిగుతారు. ఎప్పుడైనా అందులో చిక్కుకుంటే ఒడ్డుకేసి ఎదురీదకుండా, ఒడ్డుకి సమాంతరంగా పక్కకి ఈదాలి. మనకి అంత ఈత ఎక్కడొచ్చులెండి, పాదాలు తడిస్తే చాలు.

అక్కణ్ణుంచి కొంచెం ముందుకి పోతే పెదజాలారిపేట. ఏ జాబితాలోనూ ఇది ఉండదు, నేను మాత్రం వదలను. రాత్రి వేటకెళ్ళిన పడవలు పొద్దున ఒడ్డుకొస్తాయి, వలల్లోంచి చేపలు విడదీస్తుంటారు, ఇసకలోనే కుప్పలు పోసి పాట పాడేస్తారు. పాటంటే వేలంపాట. మనకి అంకెలు వినిపించేలోపు కుప్ప ఒకరి గంపలోకి వెళ్ళిపోతుంది. కవళ్ళు, నెత్తళ్ళు, చందువలు, వంజరం, ఒక పక్క పీతలు ఇంకా కాళ్ళాడిస్తూనే ఉంటాయి. ఈస్టిండియా కంపెనీ రోజుల్లో పాట్రిక్ రస్సెల్ అని ఒక వైద్యుడు ఈ ఊళ్ళో ఉండి, ఇక్కడి ఒడ్డున దొరికిన 200 రకాల చేపలకి బొమ్మలు వేయించాడు, 1803లో అవి అచ్చయ్యాయి. రెండొందలా అని ఆశ్చర్యపోయేవాళ్ళు ఆ ఇసక మీద కాసేపు నిలబడి చూస్తే చాలు.

అలా చూస్తుంటే గంప ముందు కూర్చున్నావిడ నన్ను అడిగింది, "ఏటమ్మా, సూసి ఎల్లిపోడమేనా? కొనవేటి?" అని. రోజంతా తిరగాలమ్మా, చేపలు సంచిలో పెట్టుకుని ఎక్కడ తిరుగుతాం అన్నాను. "అయితే బాబునే మోయమను" అంది. బాబు, అంటే మా ఆయన, అప్పటికే నాలుగడుగులు వెనక్కి వేశారు.

టిఫిను గురించి ఎక్కువ చెప్పను. పెసరట్టు ఉప్మా, అల్లప్పచ్చడి, ఊళ్ళో ఏ వీధిలోనైనా దొరుకుతుంది. కడుపు నిండా మాత్రం తినకండి, అసలు భోజనం ముందుంది.

భీమిలికి ఆర్టీసీ కాంప్లెక్సు నుంచి 900కె సిటీ బస్సు ఉంది. వెళ్ళేటప్పుడు కుడి పక్క, అంటే డ్రైవరు వెనక పక్క కూర్చోవాలి, సముద్రం అటే. కారులో పోతే నడిపేవాళ్ళు రోడ్డు చూడ్డమే సరిపోతుంది, పక్కనున్నవాళ్ళు "అదిగో చూడండి, అదిగో చూడండి" అనీ అనీ చివరికి పోట్లాట. బస్సులో ఆ గొడవ లేదు. కైలాసగిరి కింద రోడ్డు కొండకీ సముద్రానికీ మధ్య ఇరుక్కున్నట్టు వంపులు తిరుగుతుంది, తెన్నేటి పార్కు దాటుతుంది. 2020 అక్టోబరులో గాలివానకి ఒక బంగ్లాదేశ్ ఓడ కొట్టుకొచ్చి అక్కడి రాళ్ళ మీదే కూర్చుండిపోయింది, ఊరు ఊరంతా వెళ్ళి చూసొచ్చాం. తర్వాత రుషికొండ, శుభ్రంగా, భద్రంగా ఉండే బీచ్‌లకిచ్చే బ్లూ ఫ్లాగ్ గుర్తింపు అదే ఏడాది వచ్చిన బీచ్. ఆ పైన తొట్లకొండ, రెండు వేల ఏళ్ళ కిందటి బౌద్ధారామం, 1970ల్లో నౌకాదళం సర్వేలో బయటపడింది. భిక్షువులు చోటు ఎంచుకోవడంలో ఎంత తెలివైనవాళ్ళో ఆ కొండెక్కి సముద్రం చూస్తే తెలుస్తుంది. కానీ ఈ రోజు అక్కడ దిగం. మా ఆయన కిటికీలోంచి ఆ కొండకి చూపించే విచారం చూడాలి మీరు.

భీమిలిలో దిగండి. ఇది చాలా పాత ఊరు, 1861లోనే మునిసిపాలిటీ అయింది. 17వ శతాబ్దంలో డచ్చివాళ్ళు వచ్చి ఇక్కడ వర్తకం పెట్టుకున్నారు, వాళ్ళ సమాధులు సముద్రానికి దగ్గర్లోనే ఇప్పటికీ ఉన్నాయి. కోసుగా పైకి లేచిన పాత కట్టడాలు, ఉప్పుగాలికి సున్నం రాలిపోతోంది. ఎక్కడో హాలెండులో పుట్టి ఈ ఉక్కలో వ్యాపారం చేయడానికి వచ్చారంటే మన బట్టలూ సరుకూ ఎంత లాభమిచ్చేవో మరి. ఊరి అవతల గోస్తనీ నది సముద్రంలో కలుస్తుంది. బొర్రా గుహల వైపు పుట్టిన నది అది, మధ్యలో తాటిపూడి దగ్గర ఆపి ఆ నీళ్ళు విశాఖకి తాగడానికి తెస్తారు, మిగిలినవి ఇక్కడికొస్తాయి.

ఇక్కడ ఒక పని చేయండి. అల వెనక్కి పోయాక తడి ఇసక మీద వంగి చూడండి. నల్లటి చారలు కనిపిస్తాయి. మురికి కాదది. ఇల్మెనైట్ అనే బరువైన ఖనిజం, మామూలు ఇసకని అల ఈడ్చుకుపోతే బరువుగా ఉన్నది వెనక మిగిలిపోతుంది. ఆ నలుపు పక్కనే వంకాయ రంగు కలిసిన ఎరుపు చారలు కూడా ఉంటాయి, అవి గార్నెట్ రేణువులు. కొంచెం అరచేతిలోకి తీసుకుని ఎండకి పెడితే మెరుస్తాయి. తూర్పు కనుమల రాళ్ళు అరిగి అరిగి, వాగుల్లో కొట్టుకొచ్చి ఇక్కడ చేరిన సరుకు ఇది. దీన్ని గుర్తు పెట్టుకోండి, సాయంత్రం పనికొస్తుంది.

ఇక భోజనం. పెద్ద హోటళ్ళకి నేను వ్యతిరేకం కాదు, ఏసీ ఉంటుంది, చెయ్యి కడుక్కునే చోటు శుభ్రంగా ఉంటుంది. కానీ చేప తినాలంటే ఒడ్డున పాకల్లో నడిపే చిన్న హోటళ్ళే నాకిష్టం. వెళ్ళగానే ఏం కావాలో చెప్పకండి. ఇవాళ ఏం వచ్చాయని అడగండి. వంజరం అంటే అందరికీ తెలుసు కాబట్టి అందరూ అదే అడుగుతారు, అది లేని రోజున ఐసులో పెట్టినదైనా తెచ్చి వేయించాల్సొస్తుంది పాపం వాళ్ళకి. ఆ రోజు నెత్తళ్ళు వచ్చుంటే నెత్తళ్ళే తినాలి. చిటికెన వేలంత చేప, తల గిల్లేసి పొట్ట తీసేసి, ఉప్పు పసుపు కారం అల్లం వెల్లుల్లి పట్టించి, కరకరలాడాలని కొంచెం బియ్యప్పిండి చల్లి నూనెలో వేస్తారు. ముల్లు తీసే పని లేదు, ముల్లుతో సహా నమిలేయడమే. చివర్లో ఆ నూనెలోనే కరివేపాకు, పచ్చిమిర్చి వేసి పైన పోస్తారు, మా ఆయనయితే చేప కన్నా ముందు ఆ కరివేపాకు ఏరుకుంటారు.

పులుసు సంగతి వేరు. మేం తిన్నచోట వండే ఆవిడ పొయ్యి దగ్గరికి పోయి మరీ చూశాను. ఉల్లిపాయలు వేగాక చింతపండు పులుసు పోసి బాగా మరిగించింది, పచ్చివాసన పోయిందని తనకి నమ్మకం కుదిరేదాకా మరిగించింది, అప్పుడు గానీ ముక్కలు వేయలేదు. ముక్కలు పడ్డాక గరిటె ముట్టుకోదు. గుడ్డతో దాక అంచులు పట్టుకుని అటోసారి ఇటోసారి తిప్పుతుంది, అంతే. గరిటె పెడితే ముక్క చిదికిపోయి పులుసంతా ముళ్ళవుతుంది. నిన్నటి పులుసు ఉందా అని అడిగాను, ఎందుకంటే చేపల పులుసు మర్నాటికే రుచి. ఆవిడ నవ్వి, "అది మాకమ్మా" అంది. అడగడంలో తప్పులేదు, అప్పుడప్పుడు దొరుకుతుంది కూడా.

చేపలు తిననివాళ్ళు కంగారు పడొద్దు, పప్పు, ఆవకాయ, పెరుగు ఎక్కడైనా ఉంటాయి. తిన్నాక మాత్రం ఎక్కడికీ పరిగెత్తకండి. సరుగుడు చెట్ల నీడ చూసుకుని తువ్వాలు పరుచుకుని పడుకోండి. రోజు మొత్తంలో నాకు బాగా నచ్చిన స్థలదర్శనం అదే.

ఎండ వాలాక, మూడున్నర దాటాక, తిరుగు బస్సెక్కి ఎర్రమట్టి దిబ్బల దగ్గర దిగాలి. మిట్టమధ్యాహ్నం వెళ్తే కాళ్ళు కాలడం తప్ప ఏమీ ఉండదు, ఏటవాలు ఎండలో మాత్రం ఆ ఎరుపు చూడాలి. శాస్త్రవేత్తలు చెప్పేదేమిటంటే, వేల ఏళ్ళ కిందట మంచుయుగంలో సముద్రం బాగా వెనక్కి తగ్గింది, బయటపడిన ఇసకని గాలి ఎగరేసి ఇక్కడ కుప్పలు పోసింది. పొద్దున మీరు అరచేతిలో చూశారే గార్నెట్, అలాంటి ఇనుమున్న ఖనిజాలు ఆ ఇసకలో కలిసే ఉన్నాయి, అవి గాలికీ వానకీ తుప్పు పట్టి ఒక్కో రేణువుకీ ఎర్రటి పూత వేశాయి. తీరం పక్కన ఇలాంటి ఎర్ర ఇసక నేలలు దక్షిణాసియాలో తమిళనాడు, శ్రీలంక లాంటి కొద్ది చోట్లే ఉన్నాయి. 2025 సెప్టెంబరులో యునెస్కో ప్రపంచ వారసత్వ తాత్కాలిక జాబితాలో దీన్ని చేర్చారు. అయితే అది గట్టి రాయి కాదు. గోడలా నిలబడిన చోట గోరుతో గీరితే రాలిపోతుంది. వాన నీళ్ళు కోసిన లోయల్లో కిందనే నడవండి, అంచుల మీదకెక్కి సెల్ఫీలొద్దు, పిల్లకాయలు కొందరు జారుడుబండ ఆడుతుంటారు, చూస్తే ఒళ్ళు మండుతుంది నాకు. వేల ఏళ్ళు పట్టింది, వీళ్ళ ప్యాంటుకంటుకుని పోతోంది.

చీకటి పడేసరికి మళ్ళీ ఆర్కే బీచ్. ఓపికుంటే కుర్సురా జలాంతర్గామి లోపలికి వెళ్ళండి, సోమవారం సెలవు. రష్యాలో కట్టింది, 1969 నుంచి 2001 దాకా పని చేసి 2002 నుంచి ఇక్కడ ఒడ్డు మీద నిలబడింది. 91 మీటర్ల పొడవు, లోపల మాత్రం గుండ్రటి కంతల్లోంచి వంగి దూరాలి, టార్పెడోల పక్కనే పడకలు. మా ఆయన ఒకసారి ఆ పడక చూసి ఇంట్లో మంచం ఇరుకని అనడం మానేశారు.

తర్వాత మూరి మిక్చరు. మూరంటే మరమరాలు. వాటితో పాటు ఉల్లిపాయ, టమాటా, వేరుశనగ గుళ్ళు, కారం, నిమ్మకాయ, అంతా డబ్బాలో వేసి టకటకా కలిపి కాగితం పొట్లంలో పోసిస్తాడు. రెండు నిమిషాల్లో తినేయాలి, గాలికి మెత్తబడిపోతుంది. టమాటా బజ్జీ కూడా తినండి, దాన్ని కోసి లోపల ఉల్లిపాయలు కూరి నిమ్మరసం పిండిస్తే ఇంకా బాగుంటుంది. ఎదురుగా రేవులోకి వెళ్ళడానికి వంతు కోసం ఆగిన ఓడల దీపాలు వరసగా కనిపిస్తాయి. పౌర్ణమి నాడు అయితే చంద్రుడు సరిగ్గా పొద్దుగూకే వేళకే నీళ్ళలోంచి పైకొస్తాడు, సూర్యాస్తమయం లేని లోటు అక్కడ తీరిపోతుంది. తర్వాత రోజుల్లో సుమారు యాభై నిమిషాల చొప్పున ఆలస్యం చేస్తాడు, కాబట్టి కేలండరు చూసుకుని రండి.

ఇంటికి ఏమైనా తీసుకెళ్ళాలంటే మాడుగుల హల్వా కొనుక్కోండి, గోధుమ పాలూ నెయ్యీ పోసి చేస్తారు, నాలుగు రోజులున్నా పాడవదు.

నవంబరు నుంచి ఫిబ్రవరి దాకా ఈ తిరుగుడుకి మంచి కాలం. అక్టోబరులో తుపాన్ల భయం, 2014 హుద్‌హుద్ చూసినవాళ్ళెవరూ మర్చిపోలేరు. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా చేపలు గుడ్లు పెట్టే కాలమని మర పడవల వేట నిషేధం, అప్పుడు చేపలు తక్కువ, ధర ఎక్కువ. ఆ రెండు నెలల్లో వస్తే మాత్రం తాటి ముంజలు తిని సరిపెట్టుకోవాలి, అవీ తక్కువ రుచేం కాదు. శలవు.