మరియా థెరిసా వెండి థాలరు

శ్రోతలకు నమస్కారం. ఐరోపా పాత వెండి నాణేలను సేకరించదలచినవారు ముందుగా గ్రహించవలసిన సంగతి ఒకటుంది: నాణెం మీది సంవత్సరం దాని అసలు వయసు కాకపోవచ్చు. ఇందుకు 1780 నాటి మరియా థెరిసా థాలరును మించిన ఉదాహరణ లేదు.

థాలరు అనే ఈ పెద్ద వెండి నాణెం బొహీమియాలోని (నేటి చెక్ దేశంలో ఒక ప్రాంతం) యోఆఖిమ్‌స్థాల్ గనుల వెండితో 1520 ప్రాంతంలో ప్రసిద్ధికెక్కి, క్రమంగా జర్మన్ రాజ్యాలన్నింటా వ్యాపించింది. ఆస్ట్రియాను ఏలిన మరియా థెరిసా బొమ్మ గల థాలరు మాత్రం ఎర్రసముద్ర తీరానికి చేరి, యెమెన్ కాఫీ వ్యాపారంలోనూ ఇథియోపియా సంతలలోనూ ఎంతటి నమ్మకం సంపాదించిందంటే, 1780లో ఆమె మరణించిన తరువాత కూడా అక్కడి వర్తకులు ఆ ముద్రనే కోరారు. ఆస్ట్రియా ఆ సంవత్సరాన్ని మార్చకుండానే ముద్రిస్తూ పోయింది. 1935లో ఇథియోపియా మీద దండెత్తిన ఇటలీ ఆ అచ్చులను సంపాదించి రోములో ముద్రించగా, లండన్, పారిస్, బ్రస్సెల్స్ టంకశాలలు కూడా అదే పనికి పూనుకున్నాయి. 1940, 1941లలో మన బొంబాయి టంకశాలలోనూ ఇవి తయారయ్యాయి. అన్నిటి మీదా 1780యే!

ఏది ఎక్కడిదో తేల్చడంలోనే అసలు రుచి ఉంది. తూకం 28 గ్రాములకు కొంచెం పైన, వెండి వెయ్యికి 833 పాళ్లు. ఇవి నకిలీని పట్టిస్తాయి గాని టంకశాల పేరు చెప్పవు. అందుకు భూతద్దం పట్టి, రాణి భుజం మీది పతకంలోని ముత్యాలను, బొరుసు వైపున్న రెండు తలల గద్ద తోక ఈకలను, అంచున ఉబ్బెత్తుగా ఉన్న లాటిన్ అక్షరాలను పరిశీలించాలి. ఆ అక్షరాలు అలంకారానికి పెట్టినవి కావు, అంచు గీకి వెండి దొంగిలించేవారిని బయటపెట్టడానికి పెట్టినవి. పోత పోసిన నకిలీలలో అవే మొద్దుబారి కనిపిస్తాయి.

బొమ్మ కింద ఎస్.ఎఫ్. అనే అక్షరాలు చూపించి, ఇది నేటి జర్మనీలోని గుంజ్‌బర్గ్ టంకశాలలో 1780లోనే ముద్రించినదని ఎవరైనా ఎక్కువ ధర చెబితే తొందరపడకండి. అవి అక్కడి టంకశాల అధికారుల పొడి అక్షరాలే అయినా, తరువాతి ముద్రణలు దాదాపు అన్నిటిలోనూ వాటిని అలాగే ఉంచారు.

కొన్న నాణేన్ని పూజ సామాను తోమినట్లు తోమవద్దు. ఏళ్ల తరబడి పట్టిన నల్లని ఛాయ పోతే సేకర్తల దృష్టిలో విలువ కూడా పోతుంది. పి.వి.సి. అనే ప్లాస్టిక్‌తో చేసిన కవర్లలో దాచినా ఆకుపచ్చని జిగురు పట్టి వెండి పాడవుతుంది కనుక, ఆ పదార్థం లేని కవర్లనే అడిగి తీసుకోండి.