నైటౌట్ డ్యూటీల్లో చదివిన పుస్తకాలు

అందరికీ నమస్కారం అండి. స్టేజీ మీదున్న పెద్దలకి, ముందు వరసలో టీచర్లకి, వెనకాల నిలబడి సెల్లు చూసుకుంటున్న కుర్రాళ్ళకి కూడా. నవంబర్ 14 నుంచి 20 దాకా గ్రంథాలయ వారోత్సవాలు కదా, ఏటా ఎవరో ఒకర్ని పట్టుకొచ్చి మాట్లాడిస్తారు, ఈసారి నేను దొరికా. పది నిమిషాలు అన్నారు. ముప్పై ఏళ్ళు బస్సు కండక్టరుగా చేసినోణ్ణి, హోల్డాన్ అంటే ఆపేస్తా, మొహమాటం వద్దు.

నాకు విమర్శ గిమర్శ తెలీదు. నేను చదివినవన్నీ నైటౌట్ డ్యూటీల్లో చదివినవే. అంటే ఆఖరి ట్రిప్పు ఏదో ఊరికి వెళ్ళి బండి రాత్రికి అక్కడే ఉండిపోద్ది, తెల్లారగట్ట మొదటి ట్రిప్పు మళ్ళీ అక్కణ్ణించే. మాది కందుకూరు, కనిగిరి, పామూరు వైపు. ఎస్సార్ అని టికెట్ల లెక్క కాగితం ఉంటది, అది రాసుకుని, డబ్బులు లెక్క చూసుకుని, ఆ బ్యాగు తల కింద పెట్టుకుని పడుకోవాలి, గవర్నమెంటు డబ్బు తల కింద ఉంటే నిద్రెక్కడ పడుద్ది? బస్సులో లైటు వేస్తే దోమలు, ఆర్పితే చీకటి. దోమలకే ఓటేసి చదివా.

కన్యాశుల్కం ముందు చెప్పకపోతే బాగోదు కాబట్టి చెప్తా. గిరీశం నాకు కొత్తోడేం కాదండి, రోజూ ట్రిప్పుకి ఇద్దరు ఎక్కేవాళ్ళు. టికెట్ అడిగితే ఇంగ్లీషు, చెకింగ్ వాళ్ళు ఎక్కితే ఇంకా పెద్ద ఇంగ్లీషు. అందుకే అందరూ గిరీశం గిరీశం అని మురిసిపోతుంటే నాకు ఒళ్ళుమంట. నన్నడిగితే అది మధురవాణి నాటకం. ఆవిడ రంగంలో లేని చోట నాకు ఎప్పుడొస్తదా అనిపించింది. 1897లో అచ్చయిందాన్ని గురజాడ గారు 1909కి దాదాపు కొత్తగా తిరగరాశారు చూడండీ, పన్నెండేళ్ళ తర్వాత కూడా తను రాసింది తనకే నచ్చకపోవడం, అది గొప్ప. అయినా మధ్యలో ఆ లుబ్ధావధాన్లు ఇంటి రభస నాకు రెండోసారికి విసుగేసింది, ఈ మాట మా తెలుగు మాస్టారు ఉంటే అననిచ్చేవారు కాదు.

వేయిపడగలు విశ్వనాథ గారు 29 రోజుల్లో ఆశువుగా చెప్తుంటే తమ్ముడు గారు రాశారంటారు. నాకు చదవడానికి రెండేళ్ళు పట్టింది. మూడుసార్లు మూసేశా. ఆయన వెనక్కి చూస్తూ ఏడుస్తున్న కాలంలో మా తాతల్ని ఆ సుబ్బన్నపేట గుళ్ళోకి రానిచ్చేవాళ్ళా అని ఒక పక్క కోపం. ఇంకో పక్కన ఆ నవల్లో పసిరిక అనే పాత్ర గుర్తొస్తే మళ్ళీ తెరిచేవాణ్ణి. ఒప్పుకోలేను, పారేయలేను. పుస్తకంతో గొడవ పడుతూ కాపురం చేయడం అంటే అదే.

బారిష్టర్ పార్వతీశం మొదటి భాగం చదివినప్పుడు నవ్వీ నవ్వీ డ్రైవర్ని నిద్ర లేపేశా. ప్రయాణం చేసేవాడి కంగారు అంత బాగా రాసినోళ్ళు నాకు కనపళ్ళా, ఆ సామాను, ఆ టోపీ, అడ్డమైనోణ్ణీ అడ్రసు అడగడం. తర్వాతి రెండు భాగాలు మాత్రం, మొక్కపాటి వారి మీద గౌరవంతోనే చెప్తున్నా, అంత నవ్వు రాలేదు. లోకం తెలిసిపోయాక పార్వతీశం మనలాంటోడే అయిపోయాడు.

అసమర్థుని జీవయాత్ర మీద నాకు చాలా కోపం ఉండేది. గోపీచంద్ గారు దాన్ని 'ఎందుకు' అని అడగడం నేర్పిన నాన్నకి అంకితం ఇచ్చారు, అక్కడిదాకా దణ్ణం పెట్టా. లోపలికెళ్తే ఆ సీతారామారావుని రెండు పీకాలనిపించింది. తెల్లారుజామున నాలుక్కి లేచేవాడికి ఈ ఆలోచనలకి టైమేదీ అని. రిటైరయ్యాక మళ్ళీ చదివా. ఆర్నెల్లు ఇంట్లో పనీపాటా లేకుండా కూర్చుని, కోడలు కాఫీ లేటుగా ఇస్తే కావాలనే చేసిందేమో అని అనుమానపడుతూ, గోడ వైపు తిరిగి పడుకున్నాక చదివా. పీకాలనిపించలా. ఇంకేం చెప్పను దాని గురించి.

యద్దనపూడి గారివి చదివావా అంటే చదివా. యండమూరి గారి తులసీదళం చదివావా అంటే, ఊరి చివర, ఒంటరిగా, బస్సులో, రాత్రి ఒంటిగంటకి చదివా, ఒంటేలుకి కూడా దిగలేదు. సాహిత్యం కాదు అనేవాళ్ళు అదే టైముకి అదే చోట చదివి అప్పుడు చెప్పాలి. నామిని గారి మిట్టూరోడి కథలు చదివితే చిత్తూరు వాళ్ళు నా పక్క సీట్లో కూర్చుని మాట్లాడుతున్నట్టుండేది. మా ప్రకాశం జిల్లా మాట అట్లా పుస్తకంలో ఎప్పుడొస్తదో అనుకునేవాణ్ణి. ఇక్కడ కుర్రాళ్ళు ఎవరన్నా రాయండయ్యా, సెల్లు చూసింది చాలు.

ఆ, ఏడు తరాలు. అది చెప్పకుండా దిగిపోతే మా డ్రైవరన్న ఊరుకోడు. అలెక్స్ హేలీ పుస్తకానికి సహవాసి గారి తెలుగు, హైదరాబాద్ బుక్ ట్రస్ట్ వాళ్ళు మొదట్లో వేసిన పుస్తకాల్లో అదొకటి. పగలంతా స్టీరింగు తిప్పి కళ్ళు మంటలు అని అన్న కళ్ళు మూసుకునేవాడు, నేను పైకి చదివేవాణ్ణి, రోజుకి పది పేజీలు. అందులో ఆఫ్రికా కుర్రాడు కుంటా కింటేని బానిసగా పట్టి గొలుసులేసి ఓడలో తీసుకెళ్ళే భాగం వచ్చినప్పుడు అన్న లేచి కూర్చున్నాడు. ఆపు, నీళ్ళు తాగొస్తా అన్నాడు. వెళ్ళి పావుగంట రాలేదు. మర్నాడు బండి తోలుతూ మధ్యలో అడిగాడు, తమ్ముడూ, వాడికి ఆ పేరు పోయిందా ఉందా అని. వందల ఏళ్ళనాడు మొదలైన పాపం, ఎక్కడి ఆఫ్రికా, ఎక్కడి పామూరు రోడ్డు. ఆ పుస్తకం గొప్పదా కాదా అని నన్ను అడగొద్దు. అన్న నీళ్ళు తాగడానికి వెళ్ళాడు, అంతే.

ఆ ఏడు తరాలు నాది కాదండీ. ఓ ఊళ్ళో శాఖా గ్రంథాలయంలో తీసుకుని, చదవడం అయ్యాక ఓ నైటౌట్‌కి తిరిగిచ్చేశా. ఆ లైబ్రేరియన్ గారు నా బస్సు వచ్చిందాకా తాళం వేసేవారు కాదు! ఇప్పుడు చూడండి. నేను పేర్లు చెప్పను, ఊరు చెప్పను. మూడేళ్ళ కింద నలభై ఏడు పుస్తకాలు ఒక లైబ్రరీకి ఇచ్చా, శాలువా కప్పారు, ఫొటో తీశారు, పుస్తకాలు అద్దాల బీరువాలో పెట్టి తాళం వేశారు. నెల తర్వాత వెళ్ళి మా మనవడికి పార్వతీశం ఇమ్మంటే తాళంచెవి లేదన్నారు. ఒకే మనిషి మూడు లైబ్రరీలు చూసుకుంటున్నాడంట, చెవి ఇంకో ఊళ్ళో ఉందంట. రెండోసారి వెళ్తే లైబ్రరీకే తాళం. ఆయన తప్పని అనను, ఒక్కడు ఎన్ని చోట్ల ఉంటాడు. మనం ఇంటి పన్ను కట్టినప్పుడు రూపాయికి 8 పైసలు లైబ్రరీ సెస్సు కడుతున్నాం, రసీదు చూసుకోండి. డబ్బులు మనవి, పుస్తకాలు మనవి, తాళంచెవి ఎవరి దగ్గరుందో మాత్రం మనకి తెలీదు. అద్దంలోంచి అట్టలు కనపడతాయి చూసి రండి.

టైమైందా? ఇంకొక్కటి. ఇది చెప్పడానికే వచ్చా నిజానికి, మిగతావి దారిలో స్టేజీలు.

ఒక రోజు ఆఖరి ట్రిప్పులో కనిగిరిలో ఎక్కిన ఒకమ్మాయి సీట్లో పుస్తకం మర్చిపోయి దిగిపోయింది. కాలాతీత వ్యక్తులు. రాసింది డాక్టర్ పి. శ్రీదేవి, ఆమె నిజంగానే డాక్టరు, ఈ ఒక్క నవలతో నిలబడిపోయింది, 1961లో చిన్న వయసులోనే పోయింది. బస్సులో దొరికింది డిపోలో అప్పజెప్పాలి, రూలు నాకు తెలుసు. పొద్దున ఇద్దాంలే అని ఆ రాత్రి తెరిచా. ఆ అమ్మాయి పుస్తకం మధ్యలో నేను కొట్టిచ్చిన టికెట్టే గుర్తుగా పెట్టుకుంది. చదువుతా చదువుతా ఆ టికెట్ ఎక్కడో జారిపోయింది. ఆవిడ ఎక్కడిదాకా వచ్చిందో పోగొట్టేశానే అని చాలా బాధపడ్డా.

తర్వాత చూసుకుంటే పుస్తకంలో పెన్సిలు గీతలు ఉన్నాయి. ఇందిర మాట్లాడిన చోటల్లా. అందరూ ఆ నవల్లో కల్యాణి మంచిది, ఇందిర గడుసుది అంటారు. ఉద్యోగం చేసి పనికిమాలిన తండ్రిని సాకే పిల్ల గడుసుగా ఉండక ఏం చేస్తది? ఆ ప్రకాశం ఉన్నాడే, డాక్టరు చదువుతున్నాడన్న మాటేగానీ ఒక్క నిర్ణయం సొంతంగా తీసుకోలేడు, అట్టాంటోణ్ణి మంచోడు అంటాం. ఈ మాట నాకు నేనుగా తోచలా, ఆ గీతలు చూశాకే తోచింది. ఒక చోట మార్జిన్‌లో చిన్నగా 'అవును' అని రాసి ఉంది. ఆ తర్వాత రెండు పేజీలకి గీతలు ఆగిపోయినయ్. అక్కణ్ణించి చివరిదాకా ఒక్కటి కూడా లేదు, తెల్లగా ఉంది. అక్కడిదాకే వచ్చిందన్నమాట.

డిపోలో ఇవ్వలేదు. ఇస్తే ఆమె వచ్చి తీసుకునేదేమో. ఆ రూట్లో ఉన్నన్నాళ్ళూ బ్యాగులో పెట్టుకునే తిరిగా, కనిగిరి స్టాండులో ఎక్కే ప్రతి అమ్మాయి మొహం చూశా, చివరికి నాకు చెడ్డపేరు వచ్చేట్టుందని డ్రైవరన్న మందలించాడు. మొహం గుర్తుంటే కదా. చేతికి చిల్లరిచ్చినోళ్ళ మొహాలు మాకు గుర్తుండవండి.

ఇదిగో, ఆ పుస్తకం. అట్ట మార్పించా, లోపల అట్లాగే ఉంది. ఈ లైబ్రరీకి ఇద్దామనే తెచ్చా, ప్రెసిడెంటు గారికి ఫోన్లో మాట కూడా ఇచ్చా. ఇందాక లోపలికి వస్తా ఆ బీరువా చూశా. తాళం వేసుంది. శాలువా అక్కడే ఉండనియ్యండి సార్, పర్లేదు. తాళంచెవి తెచ్చి, ఆ తలుపు తీసి, ఇదిగో ఈ మొదటి బల్ల మీద అందరికీ అందేట్టు పెడతామంటే ఇప్పుడే ఇస్తా. ఎవరి దగ్గరుంది చెవి? అటెండరు బాబూ, నీ దగ్గరుందా?